ఒంటి మేజోడు

మొక్కలు గింజల్ని ఎలా వెదజల్లుతాయనే పాఠానికి మా పుస్తకంలో ఒక బొమ్మ ఉంది. అది చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది. ఒక పువ్వు పళ్ళికిలించి చెయ్యి ఊపుతుంటుంది. దాని గింజలు చిన్న చిన్న గొడుగులు పట్టుకుని, అమ్మకి టాటా చెబుతూ గాల్లో షికారు పోతుంటాయి. ఆ బొమ్మ గీసినాయన జన్మలో ఒక్క మొక్కనైనా దగ్గర్నుంచి చూశాడా అని నా అనుమానం.

నాలుగో తరగతి పిల్లలకి నేను అబద్ధాలు చెప్పను. ఉన్నదున్నట్టు చెబుతాను. కాయ పేలుతుంది. ముల్లు దిగబడుతుంది. పక్షి మింగుతుంది, దాని పొట్టలో గింజ పైతోలు సగం కరిగిపోతుంది, చివరికి ఎక్కడో రెట్టలో పడుతుంది. "తల్లి మొక్క కిందే పడ్డ గింజకి ఎండ తగలదు, నీళ్ళు చాలవు. అక్కడే ఉంటే చచ్చిపోతుంది. అందుకని దెబ్బలు తగిలినా సరే, దూరం పోవాలి," అన్నాను. పిల్లలు నోళ్ళు వెళ్ళబెట్టి విన్నారు. రెట్ట అన్నప్పుడు మాత్రం తరగతంతా పగలబడి నవ్వింది. పాఠం బుర్రకెక్కిందని నాకు అదే గుర్తు.

ఆ రోజు డబ్బా నిండా చిటపటకాయలు పట్టుకెళ్ళాను. గోడల వారన ఎవరూ నాటకుండా పెరిగే మొక్కవి అవి. ఎండిన కాయని తడి అరచేతిలో పెట్టుకుంటే కాసేపు ఏమీ కాదు. ఉన్నట్టుండి ఫట్మని రెండుగా చీలి గింజల్ని మొహాన కొడుతుంది. పిల్లలు అరచేతుల్లో ఉమ్ముకుని మరీ కాయలు పేల్చారు. ఒకడు పక్కవాడి చెవిలో పెట్టాడు. వాడు వీడి జుట్టు పట్టుకున్నాడు. ఇద్దరూ బెంచీ కింద దొర్లారు. చెరొక చెవీ పట్టుకుని వాళ్ళని లేపుతుంటే, కిటికీ పక్క బెంచీలో కూర్చునే పిల్ల కనబడలేదు.

వంగి చూస్తే బల్ల కింద ఉంది. మోకాళ్ళ మధ్య మొహం దాచుకుని, రెండు చేతులూ నెత్తికి అడ్డం పెట్టుకుంది.

"ఏమే ఉడతా, కాయకే ఇంత భయమా?" అన్నాను. ఆ పిల్లని అందరూ ఉడత అనే పిలుస్తారు. తెచ్చుకున్న తిండిలో సగం తిని సగం సంచిలో దాచుకుంటుంది మరి. పైకొచ్చి కూర్చుంది. అందరి నవ్వులూ అయిపోయాక తనూ కొంచెం నవ్వింది.

"చెప్పి పేలితే భయం లేదు టీచర్," అంది.

అసలు గొడవ మర్నాటి పనితో మొదలైంది. ఏటా ఈ పాఠం అప్పుడు పిల్లలందరినీ ఇంటి నుంచి పెద్దవాళ్ళ పాత మేజోడు ఒకటి తెమ్మంటాను. ఉన్నిదైతే మరీ మంచిది. దాన్ని బూటు మీదుగా పైకి లాక్కుని, బడి వెనక ఖాళీ జాగాలో గడ్డికి అడ్డం పడి నడవాలి. తిరిగొచ్చేసరికి మేజోడు నిండా కొక్కేల గింజలు, ముళ్ళ గింజలు, జిగురు గింజలు అంటుకుని ఉంటాయి. దాన్ని అలాగే రేకు ట్రేలో మట్టి పోసి పరిచి, నీళ్ళు చల్లితే కొన్నాళ్ళకి మొలకెత్తుతుంది. మేకలూ కుక్కలూ ఊరంతా తిరిగి చేసే పనిని పిల్లలు ఒక్క పూటలో చేసేస్తారు. "చదువు చెప్పమని పంపిస్తే పిల్లల్ని గడ్డిలోకి తోలుతున్నావటే?" అంటారు మా అత్తగారు. అంటూనే మామగారి మేజోళ్ళు మొత్తం మూటగట్టి ఇచ్చారు, ఇల్లు ఖాళీ అవుతుందని.

ఆ రోజు వీరంగమే. "మా తాతయ్యది టీచర్, కంపు కొడుతోంది!" అని ఒకడు ఇంకొకడి ముక్కు మీద పెట్టాడు. కళ్ళద్దాల కుర్రాడు వాళ్ళ బాబాయిది తెచ్చాడు. దానికి వేలంత చిల్లు. ఉడత తెచ్చింది మాత్రం మందపాటి బూడిదరంగు ఉన్ని మేజోడు, అంచున ఎర్ర దారం కుట్టు. ఆ పిల్లకి తొడదాకా వచ్చింది.

"పాతదేనా?" అని అడిగాను.

"ఆఁ," అంది, నేల చూస్తూ.

అందరికన్నా ఎక్కువ గింజలు దానికే అంటుకున్నాయి. కాలు బల్ల మీద పెట్టి అందరికీ చూపించింది. ఆ పిల్ల పళ్ళన్నీ కనబడేలా నవ్వగా అప్పుడే చూశాను.

నా తప్పంటారా? అనండి. మా అత్తగారు కూడా అన్నారు. కానీ మేజోడు పోతే మామూలు మనిషి ఏం చేస్తాడు? వెతుక్కుంటాడు. దొరక్కపోతే నాలుగు తిట్లు తిట్టుకుని ఇంకో జత కొనుక్కుంటాడు. అంతకు మించి ఏం చేసినా ఆ తప్పు మేజోడిది కాదు, తెమ్మని అడిగిన నాదీ కాదు.

ట్రేలలో మొలకలు వేలెడు ఎత్తుకి వచ్చాయి. ఒకరోజు ఆటల సమయంలో అందరూ బయటికి పరిగెత్తారు గానీ ఉడత తన ట్రే దగ్గరే నిలబడిపోయింది.

"టీచర్, నా సాక్సు ఇచ్చేస్తారా?"

"ఇప్పుడు పీకితే మొలకలు చస్తాయే."

"ఉతికితే మళ్ళీ ముందులాగ అవుతుందా?"

అప్పుడు అనుమానం వచ్చింది నాకు. దగ్గరికి లాక్కుని అడిగితే ముందు నీళ్ళు నమిలింది. తర్వాత, లెక్క అప్పజెప్పినట్టు గడగడా చెప్పేసింది.

"అది నాన్నది. వెల్డింగప్పుడు బూటులో రవ్వలు పడకుండా వేసుకునేది. నేను తీశానని నాన్నకి తెలీదు. అమ్మ తనే పోగొట్టానని చెప్పింది. అప్పుడు నాన్న తలుపేశాడు."

"వేస్తే?"

"అమ్మ చెయ్యి తలుపు సందులో ఉంది. తీసి, మళ్ళీ వేశాడు."

బయట పిల్లలు బంతి కోసం కొట్టుకుంటున్నారు.

"మిగిలిన సాక్సుకి గోడ మీద మేకు కొట్టి తగిలించాడు టీచర్. రోజూ పనికెళ్ళే ముందు దాన్ని చూపించి, రెండోది ఏదీ అంటాడు. అమ్మ తెలీదంటుంది."

"అప్పుడు?"

"అప్పుడు నన్ను బడికి పొమ్మంటుంది అమ్మ. నేను వచ్చేస్తాను." మొలకల్ని వేలితో తడుముతూ, "ఇవాళ నేనే చెప్పేస్తాను టీచర్. నేనే తీశానని," అంది.

వాళ్ళ నాన్న మా పేటలో పెద్ద వెల్డింగు మేస్త్రి. మా బడి గేటు ఆయన చేసిందే. పైసా పుచ్చుకోలేదని మా హెడ్మాస్టరు కనబడ్డ ప్రతివాడికీ చెబుతుంటాడు. మనిషి మెత్తన. గొంతెత్తి మాట్లాడగా ఎవరూ వినలేదు. వీధిలో ఆడవాళ్ళం ఎదురుపడితే పక్కకి తప్పుకుని తలవంచుకుని పోతాడు. ఆయనలాంటి మొగుడు దొరకాలని మా వీధిలో ఇద్దరు ముగ్గురు అనగా నేను నా చెవులతో విన్నాను.

బడి వదలగానే ఉడత తల్లి పనిచేసే పరుపుల దుకాణానికి వెళ్ళాను. లోపల గాలంతా దూది నలుసులు. ఆమె నేల మీద కూర్చుని పరుపు అంచు కుడుతోంది, ఎడమ చేత్తో. కుడిచేతికి గుడ్డ చుట్టి ఉంది. గుడ్డలోంచి కనబడుతున్న వేళ్ళ కొసలు నల్లగా వాచిపోయి, ఒక గోరు సగం లేచిపోయింది. నన్ను చూసి లేవబోయింది.

"కూర్చో అమ్మా," అని నేనూ దూదిలోనే చతికిలబడ్డాను. "ఆ మేజోడు నా దగ్గరే ఉంది."

సూది ఆగింది. "పాప చెప్పేసిందా? నోరు మూసుకుని ఉండమన్నాను దాన్ని."

"నువ్వెందుకు నీ మీద వేసుకున్నావు?"

"నేను కాకపోతే ఇంట్లో ఇంకెవరున్నారు టీచరుగారూ? అదే కదా!" గొంతు బాగా తగ్గించింది. "అది పుట్టిన దగ్గర్నుంచి దాని ఒంటి మీద చెయ్యి పడలేదు. నామీదే పడుతుంది. నేను ఓర్చుకుంటాను. దాని మీద ఒక్కసారి పడిందంటే ఇక ఆయనకి అదే అలవాటైపోతుంది. ఆ ఒక్కసారి రానివ్వను."

"ఉతికి తెచ్చిస్తాను. పెట్టె వెనక దొరికిందని చెప్పు."

"పెట్టెలన్నీ బోర్లించి చూశాడు. ఇప్పుడు దొరికితే నేనే దాచానంటాడు."

"పోనీ అలాంటివే కొత్తవి కొనిస్తాను."

ఆమె నన్ను జాలిగా చూసింది. నేనేదో ఒకటో తరగతి పిల్లనైనట్టు. "ఆయనకి కావలసింది సాక్సా టీచరుగారూ?"

అయితే పాపని తీసుకుని మా ఇంటికి వచ్చెయ్యమన్నాను. మా అత్తగారు గయ్యాళే కానీ కడుపులో ఏమీ ఉండదన్నాను. ఆమె మళ్ళీ సూది అందుకుంది.

"మీ కిటికీలకి కమ్ములు బిగించింది ఎవరు? ఈ పేటలో ఆయన చెయ్యి పడని తలుపు ఏదన్నా ఉంటే చెప్పండి, వస్తాను." దారం పళ్ళతో కొరికింది. "మీకు చేతనైతే ఒక్కటి చెయ్యండి. అది నోరు విప్పకుండా చూడండి. మీ మాటైతే వింటుంది."

మాటిచ్చాను. మర్నాడు ఉడతని వరండాలోకి పిలిచి, "నువ్వు చెబితే మీ అమ్మ ఇన్నాళ్ళూ తిన్న దెబ్బలన్నీ బూడిదలో పోసినట్టే. చెప్పకు," అన్నాను. పిల్ల తలూపింది. ఒక పిల్లకి అలాంటి మాట చెప్పాల్సి వచ్చినందుకు ఆ రోజంతా నా మీద నాకే అసహ్యం వేసింది. హెడ్మాస్టరుకి చెప్పబోతే, "వాళ్ళ సంసారం వాళ్ళది మేడమ్. మనకి గేటు చేసిపెట్టిన మనిషి," అని ఫ్యాను వేగం పెంచుకున్నాడు.

మేస్త్రి ఇల్లంతా బోర్లించినా తెలియని సంగతి పనిచోట నవ్వులాటలో బయటపడింది. కళ్ళద్దాల కుర్రాడి బాబాయి మేస్త్రి షెడ్డులోనే పనిచేస్తాడు. "మా అన్న కొడుకు నా సాక్సు ఎత్తుకుపోయి బడిలో సేద్యం చేస్తున్నాడు మేస్త్రీ," అని నవ్వాడట. మేస్త్రి కూడా నవ్వాడట. నవ్వి, మిషను కట్టేసి, తోలు ఏప్రను కూడా విప్పకుండా బయల్దేరాడట.

మేము మొలకలు కొలుచుకుంటున్నాం. గుమ్మంలో నిలబడి చేతులు జోడించాడు. నల్ల కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని ఉన్నాయి.

"నమస్కారం టీచరమ్మా. మా సాక్సు ఒకటి మీ దగ్గర మొలిచిందని తెలిసింది."

పిల్లలు గొల్లుమన్నారు. ఆయనా నవ్వాడు. ఒక్క ఉడత నవ్వలేదు.

ట్రేలన్నీ ఒక్కొక్కటే చూస్తూ, తాపీగా నడిచాడు. ఎర్ర దారం అంచు మట్టిలోంచి కనబడగానే ఆగాడు. పట్టుకుని లాగాడు. మొలకల వేళ్ళు పుటపుటా తెగాయి. మేజోడు పాదం భాగం నిండా తడి మట్టి ఉండగానే పైకి వచ్చేసింది, చేతిలో బరువుగా వేలాడుతూ.

"ఎవరు తెచ్చారిది?" ఇంకా మెత్తగానే అడిగాడు.

"నేనే," అన్నాను. "మీ ఇంటి ముందు తీగ మీద ఆరేసి ఉంటే తీసుకొచ్చాను."

"దొంగతనమా టీచరమ్మా?"

"దొంగతనమే. వెళ్ళి పోలీసుల్ని పిలుచుకో."

నా మొహం చూస్తూ నిలబడ్డాడు. నమ్మలేదు. తల తిప్పి కిటికీ పక్క బెంచీ వైపు చూశాడు. ఉడత లేచి నిలబడి ఉంది. వద్దని సైగ చేశాను. చూసింది. చూసి కూడా చెప్పేసింది.

"నేనే తీశాను నాన్నా. అమ్మకి అసలు తెలీదు. అమ్మని ఇక అడగొద్దు."

ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. రెండు అడుగులు వేసి, మట్టి నిండిన ఆ మేజోడిని గిర్రున తిప్పి కొట్టాడు. అది పిల్ల చెవి మీద పడింది. తల బెంచీ అంచుకి తగిలి, కనుబొమ్మ చిట్లింది. చెంప మీద మట్టీ రక్తమూ కలిసి కారాయి. పిల్ల ఏడవలేదు. చేతులు నెత్తికి అడ్డం పెట్టుకుని బల్ల కిందికి జారిపోయింది. ఆయన వంగి, జుట్టు పట్టుకుని బయటికి లాగాడు. మళ్ళీ చెయ్యెత్తాడు. తరగతి మొత్తం ఒక్కసారిగా కీచుమంది.

నా ముందున్న ట్రే ఎత్తి ఆయన మొహాన కొట్టాను. రేకు ట్రే, దాన్నిండా మట్టి. ముక్కులో ఏదో ఫటుక్కుమంది. మట్టంతా ఆయన కళ్ళల్లో పడింది. పిల్ల జుట్టు వదిలేసి, వెనక్కి తూలి, "నన్ను కొట్టావా?" అన్నాడు. కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది ఆ గొంతులో. ఆ ఆశ్చర్యం చూసేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మళ్ళీ కొట్టాను. మొదటిది ఆవేశంలో కొట్టానని చెప్పుకోవచ్చు. రెండోది మాత్రం నిదానంగా, గురి చూసి కొట్టాను. మీసం మీదికి రక్తం బొటబొటా కారింది. నిజం చెప్పొద్దూ, ప్రాణం హాయిగా ఉంది.

హెడ్మాస్టరు పరిగెత్తుకొచ్చి పట్టుకున్నది ఎవర్నంటారు? నన్ను. మేస్త్రికి కుర్చీ వేశాడు. మంచినీళ్ళు తెప్పించాడు. మేస్త్రి నీళ్ళు పుక్కిలించి ఎర్రగా ఉమ్మి, పోలీసుల్ని పిలిపించమన్నాడు.

హెడ్మాస్టరు గదిలో పంచాయతీ పెట్టారు. వచ్చింది ఒక నడివయసు కానిస్టేబులు. మేస్త్రి తువ్వాలు ముక్కుకి అదుముకుని కూర్చున్నాడు. ఉడత నా పక్కన నిలబడింది, కనుబొమ్మ మీద ప్లాస్టరు వేసుకుని. చెవి బూరెలా పొంగిపోయింది.

"తండ్రన్నాక పిల్లని ఒక దెబ్బ వేస్తాడు, దానికి ఇంత గొడవా?" అన్నాడు హెడ్మాస్టరు. "క్షమాపణ చెప్పేయండి మేడమ్. మేస్త్రిగారు పెద్ద మనసు చేసుకుని వదిలేస్తారు."

"ఆవిడ క్షమాపణ నాకక్కర్లేదు," అన్నాడు మేస్త్రి తువ్వాల్లోంచి. "ఉద్యోగం పోవాలి. మా ఆవిణ్ణి పిలిపించండి సార్. నేను ఇంట్లో చెయ్యి చేసుకునే రకమో కాదో దాన్నే అడగండి. నా పిల్లని తీసుకుని ఇంటికి పోతాం."

అంత ధీమా. నాకు భయం వేసింది. నా ఉద్యోగం గురించి కాదు. ఆ తల్లి ఇన్నేళ్ళూ ఆయనకి కావలసినట్టే చెబుతూ వచ్చింది. ఈసారీ అలాగే చెబితే, ఈ పూట ఉడత ఆ ఇంటికి పోతుంది. తల్లి రానివ్వనన్న ఆ ఒక్కసారి వచ్చేసింది కూడా. ఇక రెండోదానికి అడ్డేముంది?

తల్లి రొప్పుతూ వచ్చింది, జుట్టు నిండా దూదితో. మొగుడి వైపు చూడలేదు. నేరుగా పిల్ల దగ్గరికి వెళ్ళి, ఎడమ చేత్తో గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. ప్లాస్టరు చూసింది. చెవి చూసింది.

"అమ్మా," అన్నాడు కానిస్టేబులు, "ఈ టీచరుగారు ట్రేతో కొట్టి తన ముక్కు పగలగొట్టారని మీ ఆయన ఫిర్యాదు. ఆయన ఇంట్లో ఎవరి మీదా చెయ్యెత్తే మనిషి కాదట. నిన్నే అడగమంటున్నాడు. చెప్పు."

ఆమె నెమ్మదిగా ఇటు తిరిగింది. మొగుడి మొహంలోకి చూసింది. తర్వాత, బాగా అలవాటైన మాటలాగా, తడుముకోకుండా చెప్పింది.

"కొట్టడమేంటి సార్? ఆయన మెట్ల మీంచి జారి పడ్డారు."

మేస్త్రి తువ్వాలు దించేశాడు. కానిస్టేబులు కిటికీలోంచి బడంతా ఒకసారి కలయజూశాడు. నేల మీద వరసగా గదులు, వాటి ముందు మట్టి ఆవరణ.

"ఏంటమ్మా నువ్వు చెప్పేది? ఈ బడికి మెట్లెక్కడున్నాయి?"

"మా ఇంటికీ లేవు సార్," అందామె. "పోయినేడు నా చెయ్యి విరిగింది. మెట్ల మీంచి పడ్డానని ఆసుపత్రిలో చెప్పాను. పన్ను ఊడినప్పుడు మీ స్టేషన్లోనే చెప్పాను. అందరూ అయ్యో పాపం అన్నారు. మెట్లెక్కడున్నాయమ్మా అని ఒక్కళ్ళు కూడా అడగలేదు."

మేస్త్రి లేచి, "పద ఇంటికి," అన్నాడు. గొంతు అప్పుడు కూడా మెత్తగానే ఉంది. ఆమె చెయ్యి పట్టుకోబోయాడు, ఆ నల్లబడ్డ వేళ్ళనే.

ఆమె ఒక్క అంగుళం కదల్లేదు. కానిస్టేబులు ఆ వేళ్ళ వైపు చూశాడు. మేస్త్రి వైపు చూశాడు. "నువ్వు కూర్చోవయ్యా," అన్నాడు.

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. ఉడతని ఒళ్ళోకి లాక్కుంది.

"ఇవాళ అడిగారు కదా సార్," అంది. "మొదట్నుంచీ చెబుతాను."